హెప్సిబా వేసిన పదకొండు చీటీలు

బుధవారం పొద్దున హెప్సిబా పెట్టుకున్న పని ఒక్కటే. మధ్యాహ్నం అన్నాల వేళకు ముందే, ఎవరూ చూడకుండా, ఒక చీటీ రాసి పెట్టెలో వేయాలి. దానికోసం ఐదింటికే లేచింది. మామిడికాయ పప్పు వండి రెండు గిన్నెల్లో సర్దింది. గ్యాస్ కట్టేశానో లేదో అని చూసుకుంది. మెట్లు దిగాక మళ్ళీ ఎక్కి చూసింది. ఆటో ఎక్కాక కొడుకు యేసుకుమార్‌కు ఫోన్ చేసి ఇంకోసారి చూడమంది. "కట్టేసే ఉందమ్మా. నిన్నా కట్టేసే ఉంది, మొన్నా కట్టేసే ఉంది" అన్నాడు వాడు. నిన్న కట్టేసి ఉన్నంత మాత్రాన ఇవాళ్టికి పూచీ ఏమిటని ఆమెకు అనిపించింది గాని, పైకి అనలేదు.

గుణదలలో ఒక మేడ మీద స్కూలు యూనిఫారాలు కుట్టే గది ఉంది. అందులో పనిచేసేది నలుగురు ఆడవాళ్ళు. హెప్సిబా గుడ్డ కత్తిరిస్తుంది. తెరేసమ్మ కాలర్లు, చేతులు కుడుతుంది. వీరమ్మ పక్క కుట్లు వేస్తుంది. నాగమల్లేశ్వరి కాజాలు, గుండీలు చూసుకుని, ఇస్త్రీ చేసి మడతపెడుతుంది. నడిపేది దుర్గాప్రసాద్ గారు. జూన్‌లో బడులు తెరిచేలోపు తొమ్మిది వందల చొక్కాలు ఇవ్వాలి. మే నెల సగం అయింది. నాలుగు వందలు కూడా కాలేదు. పైగా కిందటి వారం ఎనిమిదో తరగతి కొలత ఒంటికి ఐదో తరగతి చేతులు అతికిన చొక్కాలు నలభై వచ్చాయి.

దుర్గాప్రసాద్ గారు కోప్పడే మనిషి కాదు. బందరు రోడ్డులో ఒక హోటల్లో రెండు రోజులు ఏదో శిక్షణకు వెళ్ళి, సోమవారం ఒక అట్టపెట్టెతో వచ్చారు. దాని మూతకు బ్లేడుతో సన్నని కంత పెట్టి, మంచినీళ్ళ డబ్బా పక్కన ఉంచారు.

"చూడండమ్మా. ప్రతి బృందంలోనూ పనిని పాడుచేసే అలవాటు ఒకటి ఉంటుందంట. అది బయటికి కనపడదు. లోపల్లోపల తినేస్తుంది. అదేంటో మీకు తెలుసు, నాకు తెలీదు. చీటీ మీద రాసి ఇందులో వేయండి. మీ పేర్లు రాయక్కర్లేదు. శనివారం అందరం కూర్చుని చదువుకుందాం" అన్నారు.

ఆ అలవాటు ఏమిటో ఆ గదిలో మిషన్లకు కూడా తెలుసు. హెప్సిబాకూ తెరేసమ్మకూ మూడు నెలలుగా మాటలు లేవు.

పదకొండేళ్ళు ఒకే బల్లకు అటూ ఇటూ కూర్చున్న మనుషులు. ఒకరి కూర ఒకరు తినకపోతే అన్నం దిగేది కాదు. ఫిబ్రవరిలో మేరీమాత తిరునాళ్ళకు తెరేసమ్మ మూడు రోజులు సెలవు పెట్టింది. ఆ మూడు రోజులూ హెప్సిబాకు ఒకటే బెంగ. తెరేసమ్మ తిరునాళ్ళ తొందరలో కుట్టి వెళ్ళిన కాలర్లలో ఏదైనా తేడా వస్తే, సార్ చూస్తే, ఆమెను ఏమైనా అంటే. అందుకని టేపు తీసుకుని నూట ఇరవై కాలర్లూ కొలిచింది. ఒక్కటి కూడా తప్పు లేదు. ఆ శుభవార్తను తెరేసమ్మ రాగానే తానే సంతోషంగా చెప్పింది.

తెరేసమ్మ చేతిలో ప్రసాదం పొట్లం అలాగే ఉండిపోయింది. "నేను ఎండలో కొండెక్కి నీ పేరున కొవ్వొత్తి వెలిగిస్తుంటే, నువ్విక్కడ కూర్చుని నా కాలర్లు కొలుస్తున్నావా అక్కా" అంది. అదే ఆఖరి మాట.

మర్నాటి నుంచి మాటలన్నీ నాగమల్లేశ్వరి మీదుగా నడిచాయి. "మెడ పదమూడా, పదమూడున్నరా అడుగు" అని తెరేసమ్మ అనేది. మూడడుగుల దూరంలో ఉన్న హెప్సిబాకు అది వినపడేది. అయినా నాగమల్లేశ్వరి లేచి వచ్చి అడిగేదాకా ఆగేది. నాగమల్లేశ్వరికి మోకాళ్ళ నొప్పులు. నొప్పి ఎక్కువైన రోజు సగం దూరంలోనే నిలబడి తనకు తోచిన అంకె చెప్పేసేది. నలభై చొక్కాల చేతులు అలా పుట్టినవే.

హెప్సిబా మాత్రం ఈ మూడు నెలలూ రెండో గిన్నె తేవడం మానలేదు. తెరేసమ్మకు ఇష్టమైంది ఏదో ఒకటి వండి తెచ్చేది. మధ్యాహ్నం గిన్నె మూత మీద చెయ్యి పెట్టి, ఆమె ఇటు తిరుగుతుందేమోనని చూసేది. తెరేసమ్మ కిటికీ వైపు తిరిగి తినేది. వీపు మాత్రమే కనపడేది. ఆ వీపును బట్టే ఇవాళ నిద్ర సరిగ్గా పోలేదని, భుజం పట్టిందని హెప్సిబా కనిపెట్టేది. సాయంత్రం ఆ గిన్నె అలాగే ఇంటికి వెళ్ళేది. మూడు నెలల్లో యేసుకుమార్ నాలుగు కిలోలు పెరిగాడు.

మంగళవారం నాగమల్లేశ్వరి కబురు ఒకటి మోసుకొచ్చింది. "నిన్న సాయంత్రం తెరేసమ్మ మంగళగిరి బస్సెక్కడం నా కళ్ళారా చూశా. అక్కడ చీరల కొట్లో బ్లౌజులు కుట్టే మనుషులు కావాలంటున్నారంట. ఊరికే ఎందుకు పోద్ది?"

అప్పటినుంచి హెప్సిబాకు ముద్ద దిగలేదు. మాట్లాడకపోతే పోనీ, ఆ వీపు కూడా కనపడకుండా పోతుందేమో. అందుకే ఈ బుధవారం, ఈ చీటీ.

చీటీలు రాయడం ఆమెకు కొత్త కాదు. వాళ్ళ చర్చిలో స్త్రీల కూడికకు ముందు ప్రార్థన మనవుల పెట్టె పెడతారు. ఎవరి కోసం ప్రార్థించాలో వాళ్ళ పేరు పైన రాసి, కింద వాళ్ళ కష్టం రాయాలి. పాస్టరమ్మ గారు పేరు పేరునా చదువుతారు. ఒకే పేరు ఎన్నిసార్లు వస్తే అంత గట్టిగా ప్రార్థన జరుగుతుంది. హెప్సిబాకు తెలిసిన చీటీ అదొక్కటే. ఆ పద్ధతిలోనే రాసింది.

"తెరేసమ్మ. మూడు నెలలుగా మాట్లాడటం లేదు. మనసు మారాలి."

చేతిరాత తెలిసిపోతుందని ఎడమ చేత్తో రాసింది. పెట్టెలో పడేసి బల్ల దగ్గరికి వచ్చింది. కత్తెర పట్టుకోగానే అనుమానం వచ్చింది. సార్ దీన్ని తెరేసమ్మ మీద ఫిర్యాదు అనుకుంటే? నీళ్ళు తాగే వంకతో వెళ్ళి రెండోది వేసింది. "తెరేసమ్మ. చాలా మంచిది. ఇంకో చీటీ గురించి తప్పుగా అనుకోవద్దు." తిరిగి వచ్చాక ఇంకో అనుమానం. ఇది తెరేసమ్మే తన గురించి తాను రాసుకుందని సార్ అనుకుంటే? మూడోది ఎర్ర పెన్నుతో రాసింది. "తెరేసమ్మ. తన గురించి తాను రాసుకునే మనిషి కాదు."

సాయంత్రం నాలుగోది. "తెరేసమ్మ. మంగళగిరి వెళ్ళిపోకుండా చూడాలి." ఇంటికి వెళ్ళి పడుకుంటే నిద్ర పట్టలేదు. పనిలో ఉంటూనే వేరే పని వెతుక్కుంటోందని తానే పట్టించినట్టు కాలేదా? గురువారం పొద్దున ఐదోది. "తెరేసమ్మ. మంగళగిరి సంగతి అబద్ధం కావచ్చు." అబద్ధం అన్న మాట పక్కన తెరేసమ్మ పేరు ఉండటం బాగాలేదని ఆరోది. ఇలా ఒకదాని తప్పు ఒకటి దిద్దుకుంటూ గురువారం మధ్యాహ్నానికి పదకొండు వేసింది. ఆమె అన్నిసార్లు నీళ్ళు తాగడం చూసి నాగమల్లేశ్వరి, "షుగరేమో చూపించుకో హెప్సిబమ్మా" అంది. దాంతో హెప్సిబాకు అదొక భయం కూడా పట్టుకుంది.

దుర్గాప్రసాద్ గారు శనివారం దాకా ఆగలేకపోయారు. గురువారం సాయంత్రం పెట్టె బోర్లించారు. చీటీలు కలగాపులగంగా పడ్డాయి. ఏది ముందుదో ఏది వెనకదో తెలియదు. ఒకదాని మీద "మనసు మారాలి", ఒకదాని మీద "మంగళగిరి", ఒకదాని మీద "అబద్ధం". నల్ల సిరా, ఎర్ర సిరా, పెన్సిలు, నిటారు అక్షరాలు, పక్కకు పడిపోయిన అక్షరాలు. మొత్తం పద్నాలుగు చీటీలు. పదకొండింటి మీద ఒకే పేరు. ప్రార్థన పెట్టెలో పేరు పడితే ఆ మనిషికి మేలు. ఇలాంటి పెట్టెలో పేరు పడితే ఆ మనిషికి చేటు. ఈ తేడా హెప్సిబాకు ఎవరూ చెప్పలేదు. నలుగురికి పద్నాలుగు ఎలా వచ్చాయని దుర్గాప్రసాద్ గారు ఒక్క క్షణం ఆలోచించారు. నోరు విప్పే అవకాశం ఇస్తే జనం మనసులో ఉన్నదంతా కుమ్మరిస్తారని శిక్షణలో చెప్పిన మాట గుర్తొచ్చి, నిజమే అనుకున్నారు.

తెరేసమ్మను లోపలికి పిలిచారు. "ఎవరు రాశారో నేను అడగనమ్మా. కానీ అందరూ మీ గురించే రాశారు."

"అందరూనా?"

"అందరూనండీ."

తెరేసమ్మ తలుపులోంచి బయటికి చూసింది. "కటింగ్ బల్ల దగ్గర్నుంచి కూడానా సార్?"

"బృందం అన్నాక అందరూ ఒకటేగా" అన్నారు ఆయన, మంచిగానే.

ఆమె బయటికి వచ్చి, తన బాబిన్ల డబ్బా చేతిసంచిలో పెట్టుకుని వెళ్ళిపోయింది. పనివాళ్ళు బాబిన్ల డబ్బా ఇంటికి పట్టుకెళ్ళారంటే అర్థం ఒక్కటే. హెప్సిబా చేతిలో కత్తెర గుడ్డ మధ్యలో ఆగిపోయింది.

శుక్రవారం తెరేసమ్మ రాలేదు. దుర్గాప్రసాద్ గారు గుడ్డ కోసం బజారుకు వెళ్ళారు. పదకొండు గంటలకు ఆయన బల్ల మీద ఫోన్ మోగితే దగ్గరగా ఉన్న హెప్సిబా తీసింది.

"మంగళగిరి నుంచమ్మా. నా పేరు సుబ్బరత్నం. మాకు చీరల కొట్టు ఉంది. తెరేసమ్మ అని ఒకావిడ నిన్న సాయంత్రం వచ్చి పనిలో చేరతానని మాటిచ్చింది. మీ దగ్గర చేసిందంటగా. మనిషి ఎలాంటిది?"

ఒక్క మాట చాలు. చెయ్యి నిదానం అంటే చాలు. తరచూ సెలవులు పెడుతుందంటే చాలు. తెరేసమ్మకు ఆ పని పోతుంది. సోమవారానికల్లా ఆ వీపు ఆ కిటికీ దగ్గర ఉంటుంది. ఆమె నోరు తెరిచింది.

"ఆవిడ కుట్టిన కాలరు మళ్ళీ కొలవాల్సిన పని లేదండీ" అంది. "నూట ఇరవై కుడితే నూట ఇరవై ఒకటే కొలత. నేను కొలిచి చూశా. దారం వృథా చేయదు. పక్కవాళ్ళకి జ్వరమొస్తే వాళ్ళ పని కూడా తనే కుట్టి, వాళ్ళే కుట్టారని చెప్తుంది. చేపల పులుసు పెడితే మీరు వేళ్ళు నాక్కుంటారు. ఎండ పడితే తలనొప్పి వస్తుందండీ ఆవిడకి, కిటికీకి అడ్డంగా ఒక గుడ్డ కట్టండి. టీలో పంచదార తక్కువ."

అలా పది నిమిషాలు చెప్పింది. అవతల సుబ్బరత్నం మధ్యలో ఊఁ కొట్టడం కూడా మానేసింది. చివరికి, "ఇంత మంచి మనిషిని ఎందుకు వదులుకుంటున్నారమ్మా?" అని అడిగింది.

"మేం వదల్లేదండీ. పోతోంది" అని హెప్సిబా ఫోన్ పెట్టేసింది. మిగిలిన దినమంతా ఆమె కత్తిరించిన ప్రతి గుడ్డనూ మూడేసి సార్లు కొలిచింది. మొత్తం పంతొమ్మిది చొక్కాలకు సరిపడా గుడ్డ మాత్రమే తెగింది.

శనివారం సమావేశం. లెక్క తేల్చుకుపోవడానికి తెరేసమ్మ కూడా వచ్చింది. సంచి ఒళ్ళో పెట్టుకుని తలుపు దగ్గర కూర్చుంది. దుర్గాప్రసాద్ గారు గొంతు సవరించుకుని ముందు చిన్న చీటీలతో మొదలుపెట్టారు.

"'ఫ్యాను గాలి అంతా కటింగ్ బల్లకే పోతోంది.'"

"అది నాదేనండీ. పేరు లేకపోతే మాత్రం తెలీదా" అంది వీరమ్మ.

"'నేను గుండీలు కుట్టడానికి చేరాను. ఇద్దరి మధ్య మాటలు మొయ్యడానికి చేరలేదు. రోజుకు నలభై సార్లు. మోకాళ్ళు అరిగిపోయాయి.'"

నాగమల్లేశ్వరి చీర కుచ్చిళ్ళు సర్దుకుంది. "ఎవరు రాశారో గాని ఉన్న మాటే రాశారు."

"'మూడు నెలలుగా నా కాలర్లు ఎవరూ కొలవడం లేదు.'" దుర్గాప్రసాద్ గారు కళ్ళజోడు సర్దుకున్నారు. "ఇది నాకు అర్థం కాలేదు."

హెప్సిబా తలెత్తి తలుపు వైపు చూసింది. తెరేసమ్మ సంచి కేసి చూస్తోంది.

"ఇక మిగతా పదకొండూ..." అని ఆయన మొదలుపెట్టేసరికి హెప్సిబా లేచి నిలబడింది.

"చదవొద్దు సార్. అవన్నీ నావే."

"అన్నీనా?"

"పదకొండూ. మొదటిది వేశా. అది తప్పుగా అర్థమవుతుందేమోనని రెండోది వేశా. రెండోది కూడా అలాగే అవుతుందేమోనని..." ఆమె ఆగిపోయింది. "తను మంగళగిరి పోకూడదని రాశానండీ. చర్చిలో ఎలా రాస్తామో అలాగే రాశా. ఎవరి కోసం బాధపడతామో వాళ్ళ పేరే కదండీ పైన రాసేది."

దుర్గాప్రసాద్ గారు పదకొండు చీటీలనూ బల్ల మీద పేర్చి ఒక్కొక్కటే చదువుకున్నారు. ఆఖరి దాని మీద, "తెరేసమ్మ. దయచేసి" అని మాత్రమే ఉంది. ఆయన దాన్ని జేబులో పెట్టుకోబోయి, తెరేసమ్మకు అందించారు.

తెరేసమ్మ దాన్ని చాలాసేపు చూసింది. "నేను సోమవారం మంగళగిరి పోయింది మా మేనకోడలికి చీర కొనడానికి అక్కా" అంది. మూడు నెలల తర్వాత నేరుగా వచ్చిన మాట అది. నాగమల్లేశ్వరి అలవాటు కొద్దీ లేవబోయి మళ్ళీ కూర్చుంది. "పని గురించి నాకు ఆలోచనే లేదు. ఆ కొట్టావిడ అడిగితే నవ్వి ఊరుకున్నా. గురువారం సార్ పిలిచి అందరూ నా మీదే రాశారన్నారు. అందరూ అంటే అందులో నువ్వు కూడా ఉన్నావనుకున్నా. తిన్నగా బస్సెక్కి పోయి మాటిచ్చేశా."

"అయితే నిన్ను పంపించింది నేనేనా?"

"మరి ఎవరనుకున్నావు?"

దుర్గాప్రసాద్ గారు నుదురు రుద్దుకున్నారు. "తప్పు నాది కూడా ఉందమ్మా. పిలిచి ఒక్క మాట అడిగితే పోయేదానికి పెట్టె పెట్టాను. కానీ ఒకటి చెప్తాను. కొట్లాట ఇద్దరిది. దాన్ని మూడు నెలలు మోసింది నలుగురూ. నాగమల్లేశ్వరి గారూ, సోమవారం నుంచి మీరు ఎవరి మాటా మొయ్యొద్దు. హెప్సిబా గారూ, గుడ్డని ఒక్కసారే కొలవండి. తెరేసమ్మ గారూ, మీకు కోపం వస్తే ఆ పూటే అరవండి, నేను బయటికెళ్ళిపోతా. మీరుంటే సోమవారం మీ మిషన్ మీదే. లేకపోతే వేరే మనిషిని చూసుకోవాలి, జూన్ వచ్చేస్తోంది."

"ఫ్యాను?" అంది వీరమ్మ.

"మాటిచ్చాను కదా సార్. రానని ఫోన్లో చెప్తే బాగుండదు. పోయి ఆవిడకి ముఖాముఖి చెప్పాలి" అంది తెరేసమ్మ.

"నేనూ వస్తా" అంది హెప్సిబా. "ఒక్కదానివి పోతే ఆవిడ ఒప్పుకోకుండా కూర్చోబెట్టేస్తే?"

మంగళగిరి బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. ఎండ పడుతుందని హెప్సిబా తాను అటు కూర్చుని తెరేసమ్మను ఇటు కూర్చోబెట్టింది. రెండో గిన్నె ఇద్దరి మధ్యా ఉంది. మూత తీయగానే చింతకాయ పచ్చడి వాసన బస్సంతా వచ్చింది. చెప్పుకోవాల్సింది మూడు నెలలది ఉంది. కాని ఇద్దరికీ ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. వారధి మీదికి వచ్చాక కింద కృష్ణలో ఇసుక తిప్పలు కనిపించాయి. "నీళ్ళు తగ్గిపోయాయి" అంది తెరేసమ్మ. "అవును" అంది హెప్సిబా. ఆ ఒక్క మాటతోనే ఆమెకు కడుపు నిండినట్టయింది.

సుబ్బరత్నం అరవై ఏళ్ళ మనిషి. కొట్లో చీరల మధ్య తివాచీ మీద కూర్చుని ఇద్దరినీ పైనుంచి కిందికి చూసింది. తెరేసమ్మ సంగతంతా చెప్పింది. హెప్సిబా మధ్యలో రెండుసార్లు దిద్దింది.

"ఫోన్లో మాట్లాడింది నువ్వేనా?" అని సుబ్బరత్నం హెప్సిబాను అడిగింది.

"నేనేనండీ."

"అనుకున్నా. టీలో పంచదార దాకా చెప్పావు." ఆమె తెరేసమ్మ వైపు తిరిగింది. "నీ మాట నీకు ఇచ్చేశాలే. ఇంతలా చెప్పుకునే మనిషిని వదిలొచ్చి నువ్వు నా దగ్గర మూడో రోజుకే ఏడుస్తావు. పట్టు బ్లౌజుల మీద కన్నీళ్ళు పడితే మరకలు పోవు."

ఇద్దరూ లేవబోయారు. పక్కనే కత్తిరించిన బ్లౌజు గుడ్డ ఒకటి పడి ఉంది. హెప్సిబా చెయ్యి ఊరుకోలేదు. టేపు తీసి కొలిచింది. మళ్ళీ కొలిచింది. "ఒక పక్క అరంగుళం తక్కువండీ" అంది. ఇంకోటి తీసింది. "ఇది కూడా."

సుబ్బరత్నం కళ్ళజోడు పెట్టుకుని చూసింది. లోపలున్న నలుగురు కుట్టేవాళ్ళ వైపు చూసింది. వాళ్ళు ఒకరి వైపు ఒకరు చూసుకున్నారు. "ఏడాదిగా బ్లౌజులు వెనక్కొస్తున్నాయి. ఎవర్నడిగినా నేను కాదంటే నేను కాదంటారు. ఒకదాన్ని నాలుగుసార్లు కొలిచే మనిషి కోసం నేను తిరగని చోటు లేదు." ఆమె సర్దుకుని కూర్చుంది. "నువ్వు రా అమ్మా. మీ సారు ఇచ్చేదానికి ఇంకో రెండు వేలు వేసుకో. ఎన్నిసార్లు కొలుచుకున్నా నేనేమీ అనను."

పదకొండేళ్ళలో ఆ అలవాటును మెచ్చుకున్నవాళ్ళు లేరు. హెప్సిబా చేతిలో గుడ్డను ఇంకోసారి కొలిచింది. తెరేసమ్మ ఆమె చేతిలో టేపు లాగేసుకుని చుట్టచుట్టింది.

"ఆవిడ రాదండీ" అంది.

"ఆవిడ్ని చెప్పనీ."

"ఆవిడకి బస్సు పడదు" అంటూ తెరేసమ్మ, హెప్సిబా చెయ్యి పట్టుకుని బయటికి నడిపించింది.

తిరుగు బస్సులో ఎండ రెండో పక్కకు మళ్ళింది. తెరేసమ్మ కాసేపు రోడ్డు చూసింది. కాసేపు తన చేతులు చూసుకుంది. "రెండు వేలంటే తక్కువేం కాదు" అంది. హెప్సిబా అవునంది. "నువ్వు పోవు కదా అక్కా" అంది తెరేసమ్మ. బస్సు ఒక స్టాపులో ఆగి బయలుదేరింది. "పోవు కదా" అని మళ్ళీ అడిగింది. వారధి వచ్చేలోపు అదే మాట ఇంకో రెండుసార్లు అడిగింది.

అన్నిటికీ భయపడే హెప్సిబా, ఆ ఒక్క ప్రశ్నకు మాత్రం జవాబు చెప్పడానికి ఏమీ తొందరపడలేదు.